సర్టిఫికెట్ లేని ప్రొఫెసర్

ఈ సెమ్ మా మినీ ప్రాజెక్ట్‌లో మోకాలి ఎక్స్‌రే చూసి ఆర్థరైటిస్ గ్రేడ్ చెప్పే మోడల్ ట్రైన్ చేస్తున్నాం. 0 నుంచి 4 దాకా గ్రేడ్లు. కొత్త మందుల ట్రయల్స్‌లో ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని వద్దనాలి అన్నది చాలాసార్లు ఈ అంకె మీదే ఆధారపడుతుంది. రోజూ అవే ఫొటోలు చూసి చూసి, మొదటి ఫొటో తీసినాయన గురించి చదవాలనిపించింది. రాంట్‌జెన్. ఇంటర్‌లో మనందరికీ ఒక మార్కు బిట్. కథ మాత్రం ఎవరూ చెప్పలేదు.

విల్‌హెల్మ్ రాంట్‌జెన్ 1845 మార్చి 27న జర్మనీలోని లెన్నెప్‌లో పుట్టాడు. నాన్న బట్టల వ్యాపారి, అమ్మది డచ్ కుటుంబం. మూడేళ్ల వయసులోనే వాళ్లు నెదర్లాండ్స్ వెళ్లిపోయారు. ఉట్రెక్ట్‌లో టెక్నికల్ స్కూల్లో చదివేటప్పుడు ఎవడో ఒక సారు బొమ్మని వెక్కిరింతగా గీశాడు. నింద ఇతని మీద పడింది. గీసినవాడి పేరు చెప్పమంటే చెప్పలేదు. స్కూల్లోంచి పంపేశారు. మన హాస్టల్లో అయితే భుజాల మీద ఊరేగించేవాళ్లం. కానీ ఆ దెబ్బకి యూనివర్సిటీకి కావాల్సిన సర్టిఫికెట్ జీవితాంతం దొరకలేదు.

ఆ కాగితం అడగని జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో 1865లో చేరాడు. బ్రాంచి మెకానికల్! 1869లో డాక్టరేట్ వచ్చింది. తర్వాత గురువు కుంట్ వెనకే వుర్జ్‌బర్గ్ వెళ్తే, అక్కడి యూనివర్సిటీ పాఠాలు చెప్పే అర్హత ఇవ్వనంది. కారణం మళ్లీ అదే స్కూలు సర్టిఫికెట్. స్ట్రాస్‌బర్గ్, గీసెన్ తిరిగాక 1888లో అదే వుర్జ్‌బర్గ్ పిలిచి ప్రొఫెసర్‌ని చేసింది. 1894లో రెక్టర్‌ని కూడా చేసింది.

1895 నవంబర్ 8 సాయంత్రం. గాలి తీసేసిన గాజు ట్యూబులో కరెంటు పంపుతున్నాడు. ట్యూబు చుట్టూ నల్ల అట్ట, గదంతా చీకటి. అయినా కొంచెం దూరంలో ఉన్న బేరియం ప్లాటినోసయనైడ్ తెర మెరుస్తోంది. వెంటనే ఎవరికీ చెప్పలేదు. ఏడు వారాలు ల్యాబ్‌లోనే ఉండిపోయి కాగితం, కట్ట, రేకు, సీసం ఒక్కోటీ అడ్డం పెట్టి చూశాడు. డీబగ్గింగ్ అంటే ఇదీ. డిసెంబర్ 22న భార్య బెర్తా చెయ్యిని ప్లేటు మీద పెట్టించాడు. ఎముకలు, వేలికి ఉంగరం. అది చూసి ఆవిడ తన చావునే చూసినట్టు భయపడిందని చెబుతారు.

పేటెంట్ మాత్రం తీసుకోలేదు. ప్రపంచమంతా ఉచితంగా వాడుకుంది. 1901లో ఫిజిక్స్‌లో మొట్టమొదటి నోబెల్ వస్తే ఆ డబ్బు కూడా వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీకే ఇచ్చేశాడు. ఒకప్పుడు వద్దన్న చోటికే! నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు.

మా గ్రేడ్లు పుట్టింది ఆయన పోయిన చాలా ఏళ్లకి. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు బ్రిటిష్ డాక్టర్లు ఎముక అంచుల్లో పెరిగే ముళ్లూ, కీలు మధ్య తగ్గే సందూ చూసి ఈ లెక్క పెట్టారు. చాలా ట్రయల్స్ 2, 3 గ్రేడ్లవాళ్లనే తీసుకుంటాయి. 4 వస్తే కాపాడటానికి మృదులాస్థి దాదాపు మిగలదు. 0, 1 వాళ్లలో ట్రయల్ అయ్యేలోపు తేడా కనిపించకపోవచ్చు. చిక్కేంటంటే ఎక్స్‌రేలో మృదులాస్థి కనపడదు, దాని ఖాళీ మాత్రమే కనపడుతుంది. మోకాలు కాస్త వంగితే ఆ సందు కొలత మారిపోతుంది. అందుకే ఇప్పుడు ఎమ్మారై కూడా తీస్తున్నారు. నొప్పి అయితే ఏ ఫిల్ములోనూ పడదు. మా నాయనమ్మది గ్రేడ్ 1. మెట్లు ఎక్కలేదు. ఆవిడ లాంటివాళ్లని మా మోడల్ మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తుంది, మేం దానికి నేర్పిందే అది.

బెర్తా 1919లో పోయింది. యుద్ధం తర్వాతి ధరల పెరుగుదలలో రాంట్‌జెన్ దాచుకున్నదంతా కరిగిపోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం ల్యాబ్ కాగితాలు, ఉత్తరాలు కాల్చేశారు. ఆ చెయ్యి ఫొటో మాత్రం ఉంది, ఉంగరంతో సహా.