ఖమ్మము తాలూకాదారు: మొదటి సాలార్‌జంగు

హైదరాబాదునకు పోయి సాలార్‌జంగు వస్తుప్రదర్శనశాలను చూడక తిరిగి వచ్చువారు అరుదు. అందలి వస్తువులలో అధికభాగమును సేకరించినది మూడవ సాలార్‌జంగు. ఆయన తాతయగు మొదటి సాలార్‌జంగు తన యౌవనమున మన ఖమ్మము సీమకు తాలూకాదారుగా నుండెనను సంగతి పలువురకు తెలియదు. భద్రాచలము కడ గోదావరి రెండు ప్రభుత్వములకు నడుమ పొలిమేరయగుటయు ఈయన మంత్రిత్వకాలముననే జరిగెను. కావున ఈయన చరిత్రము తల్లాడ ప్రాంతమువారికి తెలిసికొనదగినది.

ఈయన అసలు పేరు మీర్ తురాబ్ అలీఖాన్. 1829వ సంవత్సరము జనవరి 21వ తేదీన జన్మించెను. బాల్యముననే తండ్రి గతింపగా, తండ్రి సోదరుడగు సిరాజుల్ ముల్కు ఈయనను పెంచెను. పారసీ, అరబ్బీ భాషలను, ఆంగ్లమును నేర్చి, ఇరువది యేండ్లు నిండకమునుపే ఖమ్మము తాలూకాదారుగా నియుక్తుడై, సుమారు ఎనిమిది నెలలు ఆ పని చూచెను. ఆ దినములలో తాలూకాదారనగా పెక్కుచోట్ల గుత్తదారే. సర్కారునకు ఇంతయని ఒప్పుకొని, రైతునుండి చేతనైనంత రాబట్టుకొనుట వాడుక. మధ్యనున్నవాడు బలిసెను, రైతు చిక్కెను, ఖజానా వట్టిపోయెను.

వట్టిపోయిన ఖజానాయే నిజాము రాజ్యమునకు పొలిమేరలను మార్చినది. 1766లో కోస్తా సర్కారులు, 1800లో దత్తమండలములు ఒడంబడికల మూలముననే ఆంగ్లేయుల వశమయ్యెను. పిమ్మట ఆంగ్లేయ దొరల యేలుబడిలోనుండిన కంటింజెంటు సైన్యమునకు నిజాము జీతములీయవలసి వచ్చెను. ఆ బాకీ యేటేట పెరిగెను. తుదకు 1853 మే 21న బీరారు, ధారాశివ్, రాయచూరు అంతర్వేది ఆంగ్లేయుల స్వాధీనము చేయబడెను. యుద్ధము లేదు, ఓటమి లేదు; లెక్క తీరనందున భూమి పోయెను. ఆ ఒడంబడిక నాటి దివానగు సిరాజుల్ ముల్కు కొలదిదినములకే మరణించెను. మే 31న ఇరువదినాలుగేండ్ల సాలార్‌జంగు దివానయ్యెను.

ఈయన మొదట పట్టినది ఖడ్గము కాదు, కవిలె. సాహుకారులకును, జమాదారులకును తాకట్టుపడిన తాలూకాలను క్రమముగా విడిపించెను. గుత్తపద్ధతిని తొలగించి, జీతముపై పనిచేయు అధికారులను నియమించెను. 1865లో జిల్లాబందీ జరిపి రాజ్యమును జిల్లాలుగా విభజించెను. ధాన్యపు పాలునకు మారు రొక్కపు శిస్తు ఏర్పడెను. 1855లో హైదరాబాదున దారుల్ ఉలూమ్ విద్యాలయము వెలసెను.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీను నాయకత్వమున ప్రజలు రెసిడెన్సీపై దాడి వెడలిరి. సాలార్‌జంగు ఆంగ్లేయుల పక్షమున నిలిచెను. రాజ్యమును కాపాడెనని కొందరు మెచ్చుదురు; స్వాతంత్ర్యవీరులకు ద్రోహమని కొందరు నిందింతురు. తుర్రేబాజ్ ఖాన్ ప్రాణము కోల్పోయెను, మౌల్వీ అండమానునకు పంపబడెను. ఈయన కీర్తిని చెప్పునప్పుడు ఈ మాటను దాచరాదు.

ఆ సహాయమునకు ఫలముగా 1860 డిసెంబరున క్రొత్త ఒడంబడిక జరిగెను. ధారాశివ్, రాయచూరు అంతర్వేది తిరిగివచ్చెను. సురపురము క్రొత్తగా లభించెను. ఏబదిలక్షల బాకీ రద్దయ్యెను. బీరారు మాత్రము రాలేదు. పైగా గోదావరి ఎడమగట్టునగల భద్రాచలము, చెర్ల, నూగూరు మొదలగు సీమలు ఆంగ్లేయులకు పోయెను. పడవల వర్తకముపై సుంకములు ఎత్తివేయబడెను. ఎగువ గోదావరిని నౌకామార్గముగా చేయవలెనని ఆంగ్లేయులు తలచిరి; కాని ఆ పనులు 1871లో విడువబడెను. పనులు పోయినను పొలిమేర నిలిచెను. పాల్వంచ సంస్థానము రెండు గట్లపై రెండు ప్రభుత్వముల క్రిందికి వచ్చెను. కుడిగట్టువారికి రామదర్శనము పరప్రభుత్వపు నేలపై జరుగవలసినదయ్యెను.

తక్కిన జీవితమంతయు సాలార్‌జంగునకు బీరారు చింతయే. సైన్యవ్యయమునకు సరిపడు సొమ్ము పూచీగా నుంచెదమని 1872లో కోరినను ఆంగ్లేయులు అంగీకరింపలేదు. 1876లో సీమకు పోవుచు పారిసునందు జారిపడి కాలు నొచ్చినను ప్రయాణము మానలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము గౌరవబిరుదమిచ్చెను. బీరారు నెవ్వరును ఈయలేదు. బాలుడగు నిజాము యుక్తవయస్కుడైన పిదప చూతమని తేల్చిరి. ఆ నిజామునకు అధికారము వచ్చుటకు ఒక యేడాది ముందే, 1883 ఫిబ్రవరి 8న, ఈయన విషూచివ్యాధిచే కాలధర్మము నొందెను. 1902లో బీరారు సాలుకు ఇరువదియైదు లక్షల రూపాయలకు శాశ్వతపు కౌలుగా ఆంగ్లేయులకే పోయెను.

భద్రాచలము 1874లో మద్రాసు రాజధానిలో చేరి, 1959లో ఖమ్మము జిల్లాలో కలిసెను. ఒక్క సంతకముతో విడిపోయిన రెండు గట్లు మరల ఒక జిల్లాలో కలియుటకు తొంబదితొమ్మిదేండ్లు పట్టెను. రాజ్యమైనను గృహమైనను, తీరని బాకీ తుదకు గట్టునే అడుగును. సాలార్‌జంగు ముప్పది యేండ్లు లెక్కలు చక్కదిద్దెను. కాని తనకు ముందు తప్పిన ఒక్క లెక్కను తీర్పలేకపోయెను.