యల్లాప్రగడ సుబ్బారావు: ప్రాణాలు నిలిపే మందు ఇచ్చిన తెలుగోడు.. ఇప్పుడు దానికీ లొంగని బ్యాక్టీరియా పసికందుల పేగుల్లో!

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో బోదకాలు రాకుండా పంచిన డీఈసీ మాత్ర గుర్తుందా? ఆ మందు వెనక ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు టీమ్. ఇవాళ డాక్టర్లను భయపెడుతున్న యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ కథ కూడా ఆయన ల్యాబ్ దాకా వెళ్తుంది.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు అన్ననీ, తమ్ముడినీ రోజుల తేడాలో పొట్టన పెట్టుకుంది. మద్రాస్ మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపుతో ఖద్దరు గౌను వేసుకున్నారు. ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్‌ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అయినా ఆగలేదు. చందాలు, మామగారి సాయంతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడే ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూకి అదే మందు అయింది.

1948లో మరో సంచలనం. ఆయన డైరెక్టర్‌గా ఉన్న ల్యాబ్‌లో బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనిపెట్టిన ఆరియోమైసిన్ గురించి ప్రపంచానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ రకం మందుల్లో ఇదే మొదటిది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

ఆ తర్వాతే అసలు సమస్య మొదలైంది. కోళ్లు, పశువులు త్వరగా పెరగాలని దాణాలోనూ ఈ మందు కలిపారు. వాడకం పెరిగేకొద్దీ మందుకు లొంగని బ్యాక్టీరియా కూడా పెరిగింది.

పళ్ల రంగు మారుతుందని చిన్నపిల్లలకు టెట్రాసైక్లిన్ సాధారణంగా ఇవ్వరు. అయినా దాన్ని తట్టుకునే జన్యువులు పసిపిల్లల పేగుల్లో కనిపిస్తున్నాయి. తల్లి నుంచి, చుట్టూ ఉన్న మనుషుల నుంచి, ఆసుపత్రి నుంచి ఈ బ్యాక్టీరియా బిడ్డకు చేరుతుంది.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ముప్పు ఇంకా ఎక్కువ. ఇన్ఫెక్షన్ భయంతో పుట్టగానే వేరే యాంటీబయాటిక్స్ ఇవ్వాల్సి వస్తుంది. అవి పేగుల్లోని మంచి బ్యాక్టీరియానూ చంపేస్తాయి. ఖాళీ అయిన చోట మొండి బ్యాక్టీరియా తిష్ఠ వేస్తుంది. అది రక్తంలోకి దిగితే మామూలు మందులు పనిచేయవు.

మరి మనం చేయాల్సిందేంటి? జలుబుకీ, దగ్గుకీ మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనొద్దు. డాక్టర్ రాస్తేనే, చెప్పినన్ని రోజులే వాడాలి. బిడ్డను ముట్టుకునే ముందు చేతులు కడగాలి. నెలలు నిండని బిడ్డకు తల్లిపాలే పెద్ద రక్ష. సుబ్బారావు ల్యాబ్ ఇచ్చిన మందు రేపటి బిడ్డకూ పనిచేయాలంటే, ఇవాళ మనం పొదుపుగా వాడాలి.