గెలిపించిందీ తెనాలే.. ఓడించిందీ తెనాలే
నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య రంగా జీవితంలో ఒక పార్లమెంటు స్థానం కథ

తెనాలి: తెనాలి పేరిట ఒకప్పుడు పార్లమెంటు నియోజకవర్గం ఉండేదన్న సంగతి నేటి యువ ఓటర్లలో చాలామందికి తెలియదు. 2008 నాటి పునర్విభజనతో ఆ స్థానం చరిత్రలో కలిసిపోయింది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల నీటితో పచ్చబడిన ఈ నేల నుంచి లోక్‌సభకు వెళ్లినవారిలో న్యాయకోవిదులున్నారు, కమ్యూనిస్టులున్నారు, వెండితెర వెలుగులు చూసినవారూ ఉన్నారు. అయితే ఆ స్థానంతో ముడిపడిన పేర్లలో దేశమంతటా మారుమోగినది ఆచార్య ఎన్జీ రంగా పేరే. 1957లో తెనాలి ఆయనను ఆదరించి ఢిల్లీకి పంపింది. ఐదేళ్లు తిరగకముందే అదే తెనాలి ఆయనను కాదన్నది. ఈ రెండు తీర్పుల మధ్య నడిచిన కథ ఒక వ్యక్తి జయాపజయాలకు పరిమితమైనది కాదు. దుక్కి దున్నే రైతుకు తన భూమిపై ఉండే హక్కు ఎంతవరకు అన్న ప్రశ్న దానికి మూలం.

నిడుబ్రోలు నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు..

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించారు. పొన్నూరును ఆనుకొని ఉన్న ఊరది. మద్రాసు, బెజవాడ రైలు మార్గంలో పొన్నూరు వెళ్లదలచినవారు దిగవలసిన స్టేషనుకు నేటికీ ఆ పేరే ఉంది. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన ఆ బాలుడు ఉన్నత విద్య కోసం ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించారు. స్వదేశానికి తిరిగివచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆ శాస్త్రాన్నే బోధించారు. పేరుకు ముందు ఆచార్య అన్న మాట నిలిచిపోయింది ఆ ఉద్యోగం వల్లనే. ఆ తర్వాత ఆరు దశాబ్దాలు రాజకీయాల్లోనే గడిపినా జనం నోట ఆ పిలుపు మారలేదు.

1930లో గాంధీజీ పిలుపు ఆయనను జాతీయోద్యమంలోకి లాగింది. ఆ ఏడాదే కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆంధ్ర దేశంలో అప్పుడు రైతు పరిస్థితి దయనీయంగా ఉండేది. ప్రపంచాన్ని కమ్మిన ఆర్థిక మాంద్యంతో ధాన్యం ధరలు పడిపోయాయి. శిస్తులు మాత్రం తగ్గలేదు. జమీందారీ గ్రామాల్లో ఇది చాలదన్నట్లు రకరకాల వసూళ్లు తోడయ్యాయి. వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన సాగిన ఆందోళనకు రంగా అండగా నిలిచారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకు రాజకీయ పాఠశాల నడిపారు. అర్థశాస్త్రం, రైతు సమస్యలు, ఉద్యమ నిర్వహణ అక్కడి పాఠ్యాంశాలు. ఆ శిక్షణ పొంది పల్లెలకు వెళ్లినవారిలో పలువురు తదనంతర కాలంలో రాష్ట్ర రాజకీయాల్లో ప్రముఖులయ్యారు. సర్దార్ గౌతు లచ్చన్న, చిత్తూరు జిల్లాకు చెందిన పాటూరి రాజగోపాల నాయుడు వంటివారు జీవితాంతం ఆయనను గురువుగానే భావించారు.

కిసాన్ సభ.. కమ్యూనిస్టులతో వియోగం

1936 ఏప్రిల్‌లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడింది. బీహారుకు చెందిన స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షులు కాగా, రంగా ప్రధాన కార్యదర్శి అయ్యారు. జమీందారీ వ్యవస్థ రద్దు కావాలని, రుణభారం తొలగాలని ఆ సభ కోరింది. కాంగ్రెస్‌లో సోషలిస్టులు, కమ్యూనిస్టులు కలిసి పనిచేసిన కాలమది. ఆంధ్రలో రంగా వెంట నడిచిన యువకులలో ఎందరో క్రమంగా కమ్యూనిస్టు పార్టీ వైపు మొగ్గారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దారులు పూర్తిగా వేరయ్యాయి. రైతు కూలీలను విడిగా సమీకరించాలని కమ్యూనిస్టులు, రైతు, కూలీ ఒకే గూటివారని రంగా వాదించారు. ఈ వాదంలోనే ఆయన బలమూ ఉంది, బలహీనతా ఉంది. సొంత కమతం ఉన్న రైతు ఆయన మాటలో తన గొంతు విన్నాడు. కమతమే లేనివాడికి ఆ మాట అంత దగ్గరగా వినిపించలేదు. తెనాలి చుట్టుపక్కల వరి పొలాల్లో నాట్లు, కోతలు చేసే కూలీల సంఖ్య తక్కువేమీ కాదు. ఈ వాస్తవానికి రంగా తర్వాతి రోజుల్లో మూల్యం చెల్లించవలసి వచ్చింది.

స్వాతంత్ర్యానికి ముందు, వెనుక కొన్నేళ్లపాటు ఆయన ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షులు. రాజ్యాంగ సభలో సభ్యులు. మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం తేవడంతో దశాబ్దాల రైతు ఆకాంక్ష నెరవేరింది. కానీ పార్టీలో వర్గపోరు ముదిరింది. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో రంగా ఓడిపోయారు. టంగుటూరి ప్రకాశం, రంగా ఇద్దరూ కాంగ్రెస్‌ను వీడారు. ఇద్దరు పెద్దలు ఒకే ఒరలో ఇమడలేదు. రంగా కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు. 1952 ఎన్నికల్లో ఆ పార్టీ మద్రాసు శాసనసభలో 15 స్థానాలు గెలిచింది. రంగా రాజ్యసభలో ప్రవేశించారు.

అప్పటికి తెనాలి మరొకరిది. తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఆ స్థానం నుంచి కొత్త రఘురామయ్య లోక్‌సభకు ఎన్నికయ్యారు. తెనాలికి సమీపంలోని సంగం జాగర్లమూడి ఆయన స్వగ్రామం. తరువాతి కాలంలో కేంద్రమంత్రిగా, పార్లమెంటరీ వ్యవహారాల్లో దిట్టగా పేరు తెచ్చుకున్నారు.

1957: తెనాలి ఆదరణ

1955లో ఆంధ్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న భయం కాంగ్రెస్‌ను, దాని నుంచి విడిపోయినవారిని మళ్లీ ఒకచోట చేర్చింది. కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు కలిసి పోటీచేసి ఘన విజయం సాధించాయి. కమ్యూనిస్టు పార్టీ 15 స్థానాలకే పరిమితమైంది. తదనంతరం రంగా తన అనుచరులతో కాంగ్రెస్‌కు తిరిగివచ్చారు. 1957లో రఘురామయ్య గుంటూరుకు మారగా, తెనాలి నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా రంగా విజయం సాధించారు. సొంత గడ్డ మీద, సొంత జనం ఓట్లతో గెలిచిన ఎన్నిక అది. ఢిల్లీలో కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి బాధ్యత కూడా లభించింది. అప్పటి ప్రాబల్యాన్ని చూసినవారు ఆయన ఇక కేంద్రమంత్రివర్గంలో చేరడమే తరువాయి అనుకున్నా ఆశ్చర్యం లేదు.

జరిగింది వేరు. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని లక్ష్యంగా ప్రకటించింది. చిన్న కమతాలను కలిపి సహకార సంఘం కింద సాగుచేయాలి, రైతుకు యాజమాన్య హక్కు కాగితం మీద ఉంటుంది, పంటలో వాటా వస్తుంది. నెహ్రూ దీనిని వ్యవసాయాభివృద్ధికి మార్గమని విశ్వసించారు. రంగా దృష్టిలో అది రైతును తన పొలంలోనే కూలీగా మార్చే పథకం. జమీందారు పోయి సర్కారు వస్తే రైతుకు ఒరిగేదేమిటన్నది ఆయన వాదన. జమీందారీ రద్దు కోసం పోరాడిన మనిషి భూసంస్కరణలకు అడ్డుపడుతున్నాడని విమర్శకులు ఎద్దేవా చేశారు. కానీ పాతికేళ్ల ఆయన ప్రసంగాలను, రచనలను వరుసగా చదివితే ఇందులో వైరుధ్యం కనిపించదు. దున్నేవాడికీ భూమికీ నడుమ ఎవరూ ఉండరాదన్నదే మొదటినుంచీ ఆయన పట్టు. ఆ ఎవరూ అన్న మాటలో జమీందారుతోపాటు ప్రభుత్వాన్నీ చేర్చడమే కొత్త సంగతి.

అధికార పక్షంలో ఉంటూ మౌనంగా సర్దుకుపోయే అవకాశం ఆయనకు ఉంది. దానిని ఆయన వినియోగించుకోలేదు. పార్లమెంటరీ పార్టీ పదవిని వదులుకొని బయటకు వచ్చారు. 1959లోనే మద్రాసులో రాజాజీ ప్రేరణతో స్వతంత్ర పార్టీ ఆవిర్భవించింది. దాని తొలి అధ్యక్షులు ఎన్జీ రంగా, ప్రధాన కార్యదర్శి మినూ మసానీ. మాజీ సంస్థానాధీశులు, పారిశ్రామికవేత్తలు చేరిన ఆ పార్టీకి ఒక రైతు నాయకుడు అధ్యక్షుడు కావడం విశేషమే. ఆ కూటమిలో రైతు మాట ఎంతవరకు చెల్లుబాటయిందన్నది వేరే చర్చ. జమీందారీలపై పోరాడిన రంగా రాజాలతో వేదిక పంచుకోవడాన్ని ఆయన పాత అనుచరులే కొందరు జీర్ణించుకోలేకపోయారు.

1962: కాదన్న జనం

మూడవ సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. రంగా మళ్లీ తెనాలినే ఎంచుకున్నారు. ఈసారి కాంగ్రెస్ గుర్తు లేదు. 1955లో కమ్యూనిస్టులకు వ్యతిరేకంగా ఒక్కటైన పక్షాలు 1962 నాటికి విడివిడిగా నిలిచాయి. డెల్టాలో కమ్యూనిస్టు పార్టీకి దశాబ్దాల పునాది ఉంది. ఫలితం వెలువడింది. కమ్యూనిస్టు పార్టీ అభ్యర్థి కొల్లా వెంకయ్య తెనాలి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఒక జాతీయ పార్టీ అధ్యక్షుడు తన సొంత ప్రాంతంలో పరాజితుడయ్యారు. సహకార వ్యవసాయం తమ పొలాలను మింగేస్తుందని రంగా చేసిన హెచ్చరిక, పొలాలున్న తెనాలి రైతాంగాన్ని కూడా ఆయన వెనుక గట్టిగా నిలపలేకపోయింది. ఆ పథకం అప్పటికి ఊళ్లలో అమలుకు రాలేదు కనుక దాని భయం కాగితం మీదే ఉండిపోయింది. కాలువ కింద రెండు పంటలు చూస్తున్న రైతుకు ఢిల్లీ తీర్మానం కన్నా ఊరి కక్షలు, ఎరువుల కొరత, ధాన్యం ధర దగ్గరి విషయాలు.

దేశవ్యాప్తంగా స్వతంత్ర పార్టీ ఆ ఎన్నికల్లో 18 లోక్‌సభ స్థానాలు గెలిచింది. సభలో అధ్యక్షుడు లేడు. చిత్తూరు నుంచి గెలిచిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ బీహార్ గవర్నరుగా వెళ్లడంతో ఆ స్థానం ఖాళీ అయింది. రాజగోపాల నాయుడు వంటి శిష్యులున్న ఆ జిల్లా రంగాను అక్కున చేర్చుకుంది. అదే ఏడాది ఉప ఎన్నికలో గెలిచి ఆయన సభలో అడుగుపెట్టారు. స్వతంత్ర పార్టీ పక్ష నాయకునిగా నెహ్రూ ప్రభుత్వాన్ని నిలదీశారు. రైతుల భూముల సేకరణకు, గరిష్ఠ పరిమితులకు రక్షణ కల్పించిన 17వ రాజ్యాంగ సవరణను ఆ పార్టీ తీవ్రంగా ప్రతిఘటించింది. సవరణ 1964లో ఆమోదం పొందింది. ఉమ్మడి సహకార వ్యవసాయం మాత్రం దేశంలో ఎక్కడా పెద్దయెత్తున వేళ్లూనలేదు. కొద్ది ఏళ్లలో కాంగ్రెసే దానిని పక్కన పెట్టింది.

1967లో స్వతంత్ర పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో అతిపెద్ద ప్రతిపక్షంగా ఎదిగింది. ఆ ఏడాది శ్రీకాకుళం నుంచి గెలిచిన లచ్చన్న తన స్థానాన్ని గురువు కోసం వదులుకోగా, ఉప ఎన్నికలో రంగా అక్కడి నుంచి ఎన్నికయ్యారు. గెలిచిన సీటును ఇంకొకరికి అప్పగించడం నేటి రాజకీయాల్లో ఊహకైనా అందదు. 1971లో ఇందిర ప్రభంజనంలో పార్టీ 8 స్థానాలకు కుదించుకుపోయింది. రంగా సభకు దూరమయ్యారు. కొన్నేళ్లకు ఆయన తిరిగి కాంగ్రెస్‌లో చేరారు.

గుంటూరులో మలిసంధ్య

1977లో రాజ్యసభకు, 1980లో గుంటూరు నుంచి లోక్‌సభకు వెళ్లారు. ఒకనాడు తెనాలిని ఆయనకు విడిచి రఘురామయ్య చేపట్టిన గుంటూరే చివరకు రంగాకు నిలువనీడ అయింది. 1984లో తెలుగుదేశం గాలి బలంగా వీచినప్పుడు సైతం రాష్ట్రంలో గట్టెక్కిన కొద్దిమంది కాంగ్రెస్ అభ్యర్థులలో ఆయన ఒకరు. 1989లో మూడోసారీ గెలిచారు. 1930 నుంచి 1991 వరకు, మధ్యలో విరామాలున్నా, కేంద్ర చట్టసభల్లో ఆయనంతటి సుదీర్ఘ సేవ చేసినవారు అరుదు. గిన్నిస్ పుస్తకం ఈ విశేషాన్ని నమోదు చేసింది. 1991లో పద్మవిభూషణ్ లభించింది. 1995 జూన్‌లో ఆయన కన్నుమూశారు. స్వాతంత్ర్యోద్యమంలోనూ, రైతు ఉద్యమంలోనూ వెంట నడిచిన సతీమణి భారతీదేవి అంతకు చాలా ముందే కాలధర్మం చెందారు. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆయన పేరు పెట్టారు. రాష్ట్ర విభజన తర్వాత దాని ప్రధాన కేంద్రం గుంటూరు సమీపంలోని లాంలో ఉంది.

చెదిరిన నియోజకవర్గం

1977, 1980 ఎన్నికల్లో తెనాలి నుంచి మేదూరి నాగేశ్వరరావు కాంగ్రెస్ తరఫున గెలిచారు. 1984లో తెలుగుదేశం అభ్యర్థి నిశ్శంకరరావు వెంకటరత్నం, 1989లో కాంగ్రెస్ అభ్యర్థి సింగం బసవపున్నయ్య, 1991లోనూ 1999లోనూ తెలుగుదేశం తరఫున ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు విజయం సాధించారు. తెనాలి ఆడపడుచు, సినీనటి శారద 1996లో, కేంద్ర మాజీ మంత్రి పి.శివశంకర్ 1998లో ఇక్కడి నుంచి లోక్‌సభ చేరారు. 2004లో గెలిచిన కాంగ్రెస్ అభ్యర్థి వల్లభనేని బాలశౌరి ఈ స్థానానికి ఆఖరి ఎంపీ. 2009 ఎన్నికల నాటికి తెనాలి, పొన్నూరు, మంగళగిరి శాసనసభ స్థానాలు గుంటూరు లోక్‌సభ పరిధిలో, వేమూరు, రేపల్లె బాపట్ల పరిధిలో ఉన్నాయి. దుగ్గిరాల, కూచినపూడి శాసనసభ స్థానాలు సైతం అదే పునర్విభజనలో కనుమరుగయ్యాయి. రంగా పుట్టిన నిడుబ్రోలు ఓటర్లు ఇప్పుడు ఆయన చివరి మూడు విజయాలు సాధించిన గుంటూరు స్థానానికే ఓటు వేస్తున్నారు.