మూసీ దాటిన షహజాదా

పురానా పూల్ మీదుగా వెళ్తూ పిల్లలకు ఈ కథ చెప్పని నానీమా హైదరాబాద్‌లో ఉండరేమో. గోల్కొండ షహజాదా మహమ్మద్ కులీ, మూసీ అవతల చిచ్లం అనే పల్లెలో ఉండే భాగమతి అనే హిందూ అమ్మాయి మీద మనసు పడ్డాడు. ఆమెది ఆటపాటలతో బతికే ఇల్లు. ఇతనేమో సుల్తాన్ కొడుకు. ఒక రాత్రి మూసీ పొంగి పారుతున్నా గుర్రాన్ని ఏట్లోకి దింపి ఆమె దగ్గరికి వెళ్లాడట. సంగతి తెలిసిన అబ్బా, ఇబ్రహీం కుతుబ్ షా, కొడుకును శిక్షించకుండా ఏటి మీద వంతెన కట్టించాడట.

వంతెన మాత్రం నిజం, 1578 నాటిది. షహజాదా పుట్టింది 1565 ప్రాంతంలో. లెక్క చూసుకోండి, అప్పటికి పట్టుమని 13 ఏళ్లు! చరిత్రకారుడు హారూన్ ఖాన్ షేర్వానీ ఈ కథను కొట్టిపారేశారు. గోల్కొండ సరుకంతా మచిలీపట్నం రేవుకు పోయే కాలం, ప్రేమ లేకపోయినా వంతెన కావలసిందే.

అయినా ఆ తండ్రి కోప్పడలేదంటే నమ్మబుద్ధవుతుంది. ఇబ్రహీం తన యవ్వనంలో అన్న జంషీద్‌కు భయపడి విజయనగరం పారిపోయి, రామరాయల దగ్గర ఏడేళ్లు ఉన్నాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడని పిలుచుకున్నారు. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లాడికి చిచ్లం అమ్మాయి పరాయిదానిలా అనిపించి ఉండదు.

1580లో, 15 ఏళ్లకే, కులీ తఖ్తు ఎక్కాడు. 1591లో, హిజ్రీ వెయ్యో ఏడు దగ్గర పడుతుండగా, పేష్వా మీర్ మోమిన్ పర్యవేక్షణలో చార్మినార్, దాని చుట్టూ కొత్త నగరం లేచాయి. భాగమతి పేరున భాగ్‌నగర్ అన్నారని, పెళ్లయ్యాక ఆమె హైదర్ మహల్ అయితే నగరం హైదరాబాద్ అయిందని మన పెద్దల మాట. సుల్తాన్ బతికుండగానే అక్బర్ మనిషి ఫైజీ, బీజాపూర్‌లో కూర్చున్న ఫిరిష్తా ఆమె గురించి రాశారు, అదీ కాస్త వెక్కిరింపుగానే. ఇద్దరూ పక్క రాజ్యాల్లో ఉన్నవాళ్లు లెండి. భాగ్ కాదు, బాగ్, అంటే తోటల ఊరు అని ఇంకో వాదన. సుల్తాన్ కవితలను అచ్చు వేయించిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు మాత్రం భాగమతి ఉందనే నమ్మారు.

ఆ కవితలదే అసలు చిక్కు. కులీ దక్కనీలో మృగశిర వానలు, బసంత్, ఈద్, మొహర్రం, అన్నిటి మీదా రాశాడు. ప్రియురాళ్లను పేరుపేరునా తలుచుకున్నాడు, ఏదీ దాచుకునే రకం కాదు. వాటిలో భాగమతి అన్న పేరు లేదు. ఆయన పోయాక కవితలన్నీ పోగుచేసి దీవాన్‌గా కూర్చినవాడు తమ్ముడి కొడుకూ అల్లుడూ అయిన సుల్తాన్ మహమ్మద్.

ఈ కథలో నాకు గుచ్చుకునేది ఇంకొకటి. ఏరు దాటిన అబ్బాయి గురించి వందసార్లు విన్నాం. చిచ్లంలో ఆ రాత్రి తలుపు తీసిన పిల్ల ఇంట్లో ఏమనుకున్నారో, తర్వాత పుట్టింటికి ఎప్పుడైనా వెళ్లిందో ఏ నానీమా చెప్పదు.

1612లో కులీ కన్నుమూశాడు. కుతుబ్ షాహీ గోరీల్లో ఆయనది ఠీవిగా నిలబడి ఉంది. కూతురు హయాత్ బక్షీ బేగం గోరీ కూడా అక్కడే. తర్వాతి తరం నాట్యకత్తెలు తారామతి, ప్రేమామతి గోరీలు కూడా ఉన్నాయి. భాగమతిది మాత్రం లేదు.