మలికంబరు చరిత్రము

హైదరాబాదు నగరమును చూచినవారు హబ్షిగూడ, ఏ.సి. గార్డ్సు అను పేటల పేర్లు వినియుందురు. హబ్షీలనగా అబిసీనియా మొదలగు ఆఫ్రికా దేశములనుండి వచ్చినవారు. రెండవ పేటకు నైజాము కొలువునందలి ఆఫ్రికా ఆశ్వికదళమునుబట్టి పేరు కలిగెను. దక్కనులో ఇట్టివారు పూర్వమునుండియు కలరు. వారిలో రాజ్యభారమును వహించి ప్రసిద్ధికెక్కిన మలికంబరు జీవితమును మన విద్యార్థులకు సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

ఇతడు 1548 ప్రాంతమున అబిసీనియాలో, అనగా నేటి ఇథియోపియాలో, జన్మించెను. బాల్యమునందే బానిసగా అమ్ముడుపోయి, పలువురి చేతులు మారి, బాగ్దాదు చేరెను. అచ్చటి యజమానుడు అతనికి విద్య చెప్పించి అంబరని పేరిడెను. పిదప అహమ్మదునగర రాజ్యమంత్రియగు చంగీజుఖాను అతనిని కొనెను. ఈ మంత్రియు హబ్షీయే. తానును ఒకప్పుడు బానిసయే. అతడు మరణించిన తరువాత అంబరు స్వతంత్రుడయ్యెను.

1600లో అక్బరు సైన్యము అహమ్మదునగరపు కోటను పట్టుకొనెను. రాజ్యము నశించెనని యెల్లరును తలచిరి. అంబరు మాత్రము నిరాశ చెందక, ఆశ్వికులను కూర్చుకొని, నిజాంషాహీ వంశపు రాకుమారునొకనిని సింహాసనమెక్కించి, తాను రాజ్యభారము వహించెను. మొగలుల మహాసైన్యముతో బయలునందు పోరాడుట తగదని యెరిగి, మహారాష్ట్ర ఆశ్వికులతో కొండలనుండి వెడలి, శత్రువుల ధాన్యపు బండ్లను కొట్టుచు వారిని వేధించెను. శివాజీ తండ్రియగు షాహాజీ ఇతని కొలువులోనివాడే. జహంగీరు చక్రవర్తి అంబరును పట్టజాలక, అతని తలను తాను బాణముతో కొట్టుచున్నట్లు చిత్రమును వ్రాయించుకొనెను! అంబరునకు పరాజయములును లేకపోలేదు. సంధులు చేసికొని భూములను వదలుకొనవలసియు వచ్చెను. అయినను 1624లో భాట్వాడీయొద్ద మొగలులను, బీజాపురపు సేనలను ఒక్కసారిగా ఓడించెను.

అయితే ఈ యుద్ధములకంటె అతడు తెచ్చిన నీరే గొప్పదని మాకు తోచుచున్నది. 1610లో అతడు ఖడ్కీ యను పట్టణమును నిర్మించెను. తరువాత ఔరంగాబాదని పేరొందినది ఇదియే. 1616లో మొగలులు దానిని తగులబెట్టిరి. అంబరు దానిని మరల నిలిపి, కొండలచెంతనుండి భూగర్భపు కాలువల ద్వారా, పల్లమునుబట్టి తనంతటతానే నీరు ప్రవహించి ఊరు చేరునట్లు చేసెను. వేసవిలో చెరువులెండుట చూచిన మన గూడూరువారికి ఈ కార్యపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1626లో అతడు మరణించెను. ఖుల్దాబాదులో అతని సమాధి కలదు. పదియేండ్లలోనే, 1636లో, అతడు కాపాడిన రాజ్యము అంతరించెను. అతని కాలువలు మాత్రము తరతరములు జనుల దాహము తీర్చెను. శత్రుపక్షపు చరిత్రకారుడు సయితము అతని సామర్థ్యమును శ్లాఘించెను.

విద్యార్థులారా! బానిసత్వమే ఇతనిని గొప్పవానిని చేసెనని తలపరాదు. అట్టి సంతలలో అమ్ముడుపోయిన పిల్లలు లెక్కకు మించియుందురు. వారిలో ఎందరు అంబరులుండిరో చెప్పగలవారెవరు? వారికి చదువును లేదు, తరుణమును రాలేదు, పేరును మిగులలేదు. కావున పుట్టుకనుగాని మేనిరంగునుగాని చూచి ఏ బాలునైనను తక్కువగా నెంచువారు ఎంతటి నిధిని మట్టిలో కలుపుచున్నారో యోచించుదురుగాక.