కాగితపు యంత్రముతో చదరంగము: ఆలన్ ట్యూరింగు జీవితము

చదరంగము భరతఖండమున పుట్టిన ఆట. చతురంగ బలములను పలకపై నిలిపి, తన రాజును కాపాడుకొనుచు ఎదుటి రాజును కట్టుట బుద్ధికి గీటురాయి యని మన పెద్దలు తలచిరి. అట్టి ఆటను నేడు యంత్రములు మనుష్యులకంటె మిన్నగా ఆడుచున్నవి. ఫోనున్న ప్రతి యింటను అట్టి ఆటగాడొకడు దాగియున్నాడు. మన విద్యార్థులు వానితో ఆడి ఓడుదురు, మరల ఆడుదురు. కాని వానికి మొదట ఓనమాలు దిద్దించిన గురువెవరని అడిగినచో చెప్పగలవారు కొలదిమంది. ఆ గురువులలో ముఖ్యుడగు ఆలన్ మాథిసన్ ట్యూరింగు చరిత్రమును ఈ సంవత్సరపు సంచికలో సంగ్రహముగా విన్నవింపదలచితిమి.

యంత్రముచే చదరంగమాడింపవలెనను కోరిక క్రొత్తది కాదు. 1770వ సంవత్సరమున వోల్ఫ్‌గాంగ్ వాన్ కెంపెలెన్ అను నతడు వియన్నా నగరమున మరియా థెరీసా కొలువులో తురుష్క వేషము దాల్చిన బొమ్మ నొకదానిని ప్రదర్శించెను. ఆ బొమ్మ ఒక పెద్ద పెట్టెవెనుక కూర్చుండి, చేయి చాచి, పావులను జరిపి, ఘనులను సైతము ఓడించెను. లోకము విస్తుపోయెను. తీరా చూడగా పెట్టెలో మనుష్యుడొకడు దాగియుండి ఆడుచుండెనని తేలినది. మోసము లేని యంత్రమును నిర్మించినవాడు స్పెయిను దేశీయుడగు లియొనార్డో టోరెస్ కెవెడో. ఆయన 1912లో నిర్మించిన యంత్రము ఒక రాజును ఒక ఏనుగును మాత్రము చేతబట్టి, ఎదుటి ఒంటరి రాజును కట్టుచుండెను. పూర్తి ఆట దానికి రాదు. ఆ 1912వ సంవత్సరముననే, జూన్ 23వ తేదీన, లండను నగరమున ఆలన్ ట్యూరింగు జన్మించెను.

ఈయన కుటుంబమునకు మన దేశముతో గల సంబంధము గమనింపదగినది. తండ్రి జూలియస్ ట్యూరింగు ఇండియన్ సివిల్ సర్వీసు ఉద్యోగి. నాటి మద్రాసు రాజధానిలో చేరిన ఛత్రపురమున ఆయన పనిచేయుచుండెను. ఆ యూరు నేడు ఒడిశా రాష్ట్రమున ఉన్నది. తల్లి ఎథెల్ సారా కోయంబత్తూరు చెంతనున్న పోదనూరున పుట్టినది. ఆమె తండ్రి మద్రాసు రైల్వేలో ముఖ్య ఇంజనీరు. దంపతులు సెలవుపై స్వదేశమునకు పోయియుండగా ఈ రెండవ కుమారుడు కలిగెను. ఆ కాలపు ఆంగ్లోద్యోగులు పలువురు తమ బిడ్డలను స్వదేశముననే విడిచి వచ్చుచుండిరి. ఆలనును అతని అన్న జానును అట్లే ఇంగ్లాండు సముద్రతీరమున ఒక విశ్రాంత సైనికోద్యోగి యింట పెరిగిరి. తల్లిదండ్రులు సెలవులకు వచ్చినప్పుడే వారికి తమ వారి చెంత నుండు భాగ్యము కలుగుచుండెను.

1926లో, పదుమూడేండ్ల ప్రాయమున, ఆలన్ షెర్‌బోర్న్ పాఠశాలలో చేరవలసియుండెను. బడి తెరచునాటికి దేశమంతట సమ్మె, రైళ్లు నడువలేదు. బాలుడు వెనుదీయక, సౌతాంప్టన్ రేవునుండి సైకిలుపై 60 మైళ్లు ఒంటరిగా పోయి, నడుమ నొక సత్రమున రాత్రి గడిపి, మరునాడు బడికి చేరెను. ఇంత పట్టుదల గల బాలుడు తరగతిలో మాత్రము ఉపాధ్యాయుల మెప్పు పొందలేదు. చేవ్రాత వికారముగ నుండెను. భాషలయందు శ్రద్ధ చాలదు. లెక్కలలో ఫలము సరిగా వచ్చినను మెట్లన్నియు గజిబిజి. శాస్త్రము తప్ప మఱేమియు వలదన్నచో ఈ బాలుడు ఇచ్చట కాలము వ్యర్థపుచ్చుచున్నాడని ప్రధానోపాధ్యాయుడు తల్లిదండ్రులకు తెలిపెను. ఈ ముచ్చట చదివినపుడు మేము కొంచెము సిగ్గుపడితిమి. ఏటేట ప్రోగ్రెసు కార్డులపై మేమును అట్టి మాటలు వ్రాయుచుండువారమే గదా.

ఆ బడిలో ఆయనకు దొరికిన పెన్నిధి క్రిస్టఫర్ మార్కమ్ అను స్నేహితుడు. ఇరువురును నక్షత్రములను గూర్చియు గణితమును గూర్చియు అలుపులేక చర్చించుకొనుచుండిరి. 1930 ఫిబ్రవరిలో క్షయరోగము ఆ స్నేహితుని హరించెను. ట్యూరింగు ఆ దుఃఖమును పనిగా మార్చుకొనెను; స్నేహితుడు చేయవలసియుండిన పనిని గూడ తానే చేయవలెనని తలచెను. 1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935లో ఇరువది రెండేండ్లకే అచ్చట ఫెలో ఆయెను.

మరుసటి యేట ఆయన రచించిన గణిత వ్యాసము లోకప్రసిద్ధము. లెక్కవేయు మనుష్యుడు నిజముగా ఏమి చేయుచున్నాడని ఆయన ప్రశ్నించుకొనెను. కాగితముపై గురుతు నొకదానిని చూచును. సూత్రము ననుసరించి దానిని చెరపును, లేక వేరొకటి వ్రాయును. ప్రక్క గడికి జరుగును. ఇంతియే గదా! ఇంత చిన్న పనులను యంత్రమును చేయగలదు. అంతేకాదు, ఏ పనికైనను సూత్రములను వ్రాసియిచ్చినచో వానిని చదివి ఆ పనినెల్ల చేయగల యంత్ర మొక్కటి చాలునని ఆయన నిరూపించెను. అట్టి యంత్రము ఎన్నటికిని తేల్చలేని ప్రశ్నలును కలవని ఆ వ్యాసముననే చూపెను. నేటి కంప్యూటర్లన్నిటికిని మూలభావము ఇదియే. నాటికి అట్టి యంత్రము భూమిపై ఒక్కటియు లేదు.

1939లో యుద్ధము వచ్చెను. సెప్టెంబరు 4వ తేదీన ట్యూరింగు బ్లెచ్లీ పార్కు అను రహస్య స్థలమున పనికి చేరెను. జర్మనులు ఎనిగ్మా అను యంత్రముతో తమ వార్తలను గూఢలిపిలోనికి మార్చి పంపుచుండిరి. పోలండు గణితజ్ఞులు అంతకుముందే ఆ రహస్యమును కొంత ఛేదించి తమ విద్యను మిత్రరాజ్యములకు ఇచ్చియుండిరి. ట్యూరింగు ఆ పునాదిపై, గూఢలిపిని వెదకి పట్టు పెద్ద యంత్రమును రూపొందించెను. గోర్డన్ వెల్ష్‌మన్ దానిని మెఱుగుపఱచెను. 1940లో అది పనికి వచ్చెను. అట్లాంటికు సముద్రముపై ఆహారము తెచ్చు ఓడలను జలాంతర్గాములు ముంచుచుండ, జర్మను నౌకాదళపు గూఢలిపిని ఛేదించు శాఖకు ట్యూరింగే నాయకుడు.

ఆ రహస్య స్థలమున మేటి చదరంగపు ఆటగాండ్రు పలువురు చేరియుండిరి. హ్యూ అలెగ్జాండర్ 1938లో బ్రిటిషు ఛాంపియను. ఆయనయు, స్టూవర్ట్ మిల్నర్-బారీయు, హ్యారీ గోలంబెక్కును, యుద్ధము మొదలగునాటికి అర్జెంటీనాలోని బ్యునోస్ ఐరిస్ నగరమున చదరంగ ఒలింపియాడున ఆడుచుండి, స్వదేశమునకు మరలినవారు. వారి నడుమ ట్యూరింగు చదరంగము మిక్కిలి సామాన్యము. గోలంబెక్ తన మంత్రిని ముందుగనే తీసివేసి ఆడియు ఆయనను ఓడించుచుండెనని చెప్పుదురు. కావున తనవలెనే సామాన్యముగా ఆడు డొనాల్డ్ మిచీ అను యువకునితో ట్యూరింగు తఱచుగా ఆడుచుండెను. ఆటకంటె వారికి మాటలు ముఖ్యము. ఎత్తును ఎన్నుకొనునపుడు మనస్సు చేయు పనిని సూత్రములుగా వ్రాయవచ్చునా? వ్రాసినచో యంత్రము ఆడగలదా? ఆటలో ఆరితేరినవారికి ఎత్తు తానై తోచును. తోచనివాడే ఎట్లు తోచునని అడుగును. ట్యూరింగునకు ఆ కొఱతయే ఉపకరించినదని మా అభిప్రాయము.

యుద్ధానంతరము ఆయన జాతీయ భౌతిక ప్రయోగశాలలో కంప్యూటరు నొకదానికి నమూనా రచించెను; అట్టి యంత్రము చదరంగమాడగలదని అందులోనే సూచించెను. పని మందగించుటచే విసిగి 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమునకు పోయెను. దూరపు పరుగునందును ఆయన ఘటికుడే. 1947లో మారథానును 2 గంటల 46 నిమిషములలో ముగించెను.

ఆ 1948లోనే ఆయనయు, కేంబ్రిడ్జి మిత్రుడగు డేవిడ్ చాంపర్నౌనును గలిసి చదరంగమునకు సూత్రములు కూర్చిరి. ఇరువురి పేర్లను అతికి దానికి ట్యూరోచాంప్ అని పేరు పెట్టిరి. అందలి పద్ధతిని మన విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. బంటునకు 1, గుఱ్ఱమునకు 3, శకటునకు 3½, ఏనుగునకు 5, మంత్రికి 10 చొప్పున వెల కట్టవలెను. తాను వేయదగిన ఎత్తులన్నిటిని, ఒక్కొక్కదానికి ఎదుటివాడు ఇయ్యగల జవాబులన్నిటిని వరుసగా చూడవలెను. పావులు చంపుకొనుట సాగుచున్నచో అది ముగిసి పలక నెమ్మది పడువఱకు ఇంకను ముందునకు చూడవలెను. పిదప మిగిలిన పావుల వెలలను పోల్చి, ఏ ఎత్తు మేలో దానిని వేయవలెను. వెలలు సమానమైనచో పావులకు తిరుగుటకు గల గడులను, రాజు క్షేమమును లెక్కింపవలెను. ఆ లెక్కలో వర్గమూలములు గూడ కలవు! ఇది లెక్కయే కాని ఊహ కాదు. అందుచేతనే యంత్రమునకు చెప్పదగియున్నది.

అయితే యంత్రమేది? నాటి కంప్యూటరున ఈ సూత్రములను ఎక్కింప ట్యూరింగు యత్నించెను. పని పూర్తి కాలేదు. అంతట ఆయన తానే యంత్రముగా నుండ నిశ్చయించుకొనెను. 1952లో మాంచెస్టరున అలిక్ గ్లెన్ని అను సహోద్యోగి ఎదుట కూర్చుండి, ప్రతి ఎత్తునకు కాగితములపై లెక్కవేసి, సూత్రములు చెప్పిన ఎత్తునే వేసెను. ఒక్కొక్క ఎత్తునకు అరగంట పట్టెను. ఏడవ ఎత్తులో అంచుననున్న బంటు నిమిత్తము లేక రెండు గడులు ముందునకు నడచెను. ఇరువది తొమ్మిదవ ఎత్తులో, ఊరక దొరకినదని, మంత్రి ఒక బంటును చంపెను. వెంటనే గ్లెన్ని ఏనుగు ఆ వరుసలోనికి వచ్చెను. మంత్రికి వెనుక అదే వరుసలో తన రాజే యుండుటచే మంత్రికి తప్పుకొన వీలు లేదు. ఆట ముగిసెను, కాగితపు యంత్రము ఓడెను.

కెంపెలెన్ పెట్టెలో యంత్రపు వేషమున మనుష్యుడు దాగెను. మాంచెస్టరు గదిలో మనుష్యుడే తన యిచ్ఛను విడిచి యంత్రమాయెను. మొదటిది గెలిచి లోకమును మోసగించెను, రెండవది ఓడి లోకమునకు దారి చూపెను. అంత శ్రమలో ట్యూరింగు సైతము కొన్ని యెత్తులలో తన సూత్రములను తప్పెనని, పిదప వానిని నిజమైన కంప్యూటరున కెక్కించినవారు కనుగొనిరి. అలుపెఱుగని యంత్రము ఏల కావలెనో దీనివలననే తెలియుచున్నది. ఆయన ఓటమిని దాపక, ఆ యాటను 1953లో వెలువడిన గ్రంథమున ఎత్తు వెంబడి ఎత్తు ప్రకటించెను.

ఇక దుఃఖకరమైన భాగము చెప్పవలసియున్నది. 1952లోనే ట్యూరింగు ఇంట దొంగతనము జరుగగా ఆయన పోలీసులకు తెలిపెను. విచారణలో తనకు ఒక పురుషునితో గల ప్రేమసంబంధమును ఆయన దాపలేదు. ఆనాటి ఇంగ్లాండు శాసనమున అది నేరము. న్యాయస్థానము ఆయనను దోషిగా నిర్ణయించెను. చెఱసాలకు బదులు ఏడాదిపాటు దేహమును మార్చు మందులను పుచ్చుకొనుటకు ఆయన ఒప్పుకొనవలసివచ్చెను. ప్రభుత్వపు రహస్య కార్యములనుండి ఆయనను తొలగించిరి. యుద్ధకాలమున చేసిన సేవ రహస్యమగుటచే ఆయన పక్షమున బహిరంగముగ చెప్పుటకు వీలులేకపోయెను. 1954 జూన్ 7వ తేదీన, నలువది రెండేండ్లు నిండకమునుపే, ఆయన మరణించెను. విచారణాధికారి దానిని ఆత్మహత్యగా నిర్ణయించెను. 2009లో బ్రిటిషు ప్రధానమంత్రి ప్రభుత్వము పక్షమున క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాదానము ప్రకటించెను. 2021లో ఇంగ్లాండు బ్యాంకు 50 పౌండ్ల నోటుపై ఆయన చిత్తరువును ముద్రించెను. ఇవన్నియు ఆయన చూడని గౌరవములు. తమ్ము కాపాడినవానిని తామే నొప్పించిన దేశము తప్పు నొప్పుకొనుటకు ఏబది యేండ్లు దాటెను.

ఆయన విత్తిన విత్తనము మాత్రము మొలకెత్తక మానలేదు. 1951లోనే మాంచెస్టరున డీట్రిచ్ ప్రింజ్ రెండెత్తులలో కట్టు సమస్యలను విప్పు ప్రోగ్రామును కంప్యూటరుచే నడిపించియుండెను. 1997లో డీప్ బ్లూ అను కంప్యూటరు లోక ఛాంపియనగు గ్యారీ కాస్పరోవును 3½–2½ తో ఓడించెను. 2012లో, ట్యూరింగు శతజయంతి సందర్భమున, ఆ కాస్పరోవే మాంచెస్టరులో ట్యూరోచాంపుతో ఆడి 16 ఎత్తులలో గెలిచెను. కంప్యూటరు శాస్త్రమున మిన్నయైన బహుమానమునకు 1966 నుండి ట్యూరింగు పేరే పెట్టియున్నారు. 1994లో దానిని అందుకొన్న ఇరువురిలో ఒకరు నాటి చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున పుట్టిన రాజ్ రెడ్డి గారు. మద్రాసు రాజధానిలో కొలువు చేసిన వాని కుమారుని పేరిటి బహుమానము ఆ రాజధానిలోనే పుట్టిన తెలుగు బిడ్డకు లభించుట మాకు సంతోషము.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఫోనును ప్రక్కన బెట్టి, పైన చెప్పిన వెలలతో మీలో ఒకరు కాగితపు యంత్రముగా నుండి ఒక్క ఆట ఆడిచూడుడు. సూత్రము చెప్పిన ఎత్తు తెలివితక్కువదని తోచినను దానినే వేయుడు. ఓడినచో, ఏ సూత్రము వలన ఓడితిరో వ్రాసి యుంచుకొనుడు. ఫోను తెలివియెల్ల అట్టి ఓటములను ఓపికతో వ్రాసికొన్నవారు కూర్చినదే. తల్లిదండ్రులారా! మీ బిడ్డ చేవ్రాత గజిబిజిగా నున్నచో మందలింపుడు. కాని ఆ గజిబిజిలో ఏమి వ్రాసినాడో ఒక్కసారి చదివి పిమ్మట మందలింపుడు. మేమును ఇకమీదట అట్లే చేయుదుము.