సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రసిద్ధ భారతీయ భౌతిక శాస్త్రవేత్త. స్ఫటికాల ధర్మాలను వాటి సౌష్ఠవం ఆధారంగా నిర్ణయించే పద్ధతిని అభివృద్ధి చేసినవారిలో ముఖ్యుడు.

బాల్యము, విద్యాభ్యాసము

భగవంతం నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లి గ్రామంలో జన్మించాడు. ఈ గ్రామం 2022 నుండి ఏలూరు జిల్లాలో ఉన్నది. గుడివాడలో చదువుకొని, తరువాత హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరాడు. రామన్ ఫలితం వెలువడిన 1928వ సంవత్సరంలోనే కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ వద్ద పరిశోధన ప్రారంభించాడు.

ఫోటాన్ భ్రమణము

1931లో రామన్, భగవంతం పరిక్షేపణం చెందిన కాంతి ధ్రువణాన్ని పరిశీలించి, ఫోటాన్‌కు స్వీయ భ్రమణం (స్పిన్) ఉన్నదనుటకు ఆధారాలు చూపారు. కాంతి కోణీయ ద్రవ్యవేగాన్ని యాంత్రికంగా కొలిచిన రిచర్డ్ బెత్ ప్రయోగం 1936లో వెలువడినది.

సౌష్ఠవము, సమూహ సిద్ధాంతము

1932లో ఈయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ టి.వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని స్ఫటికాలకు అన్వయించి 1939లో పరిశోధనా పత్రం ప్రకటించాడు. ఒక స్ఫటికాన్ని ఏయే విధాలుగా త్రిప్పినా, ప్రతిబింబింపజేసినా దాని అమరిక మారదో, ఆ క్రియలన్నీ కలిసి ఒక సమూహమవుతాయి. ఆ సమూహమును, స్ఫటికంలో పరమాణువుల స్థానాలను ఎరిగినచో, పరమాణువుల మధ్య బలాలు ఎంతో తెలియకున్నను, ఏయే కంపనాలు రామన్ వర్ణపటంలో కనిపించగలవో చెప్పవచ్చును.

స్థితిస్థాపక స్థిరాంకాల సంఖ్య కూడా ఇట్లే తెలుస్తుంది. సౌష్ఠవం అత్యల్పంగా గల స్ఫటికాలకు 21 స్థిరాంకాలు అవసరం కాగా, వజ్రం వంటి ఘన వ్యవస్థ స్ఫటికాలకు 3 చాలును. ఒత్తిడి వలన స్ఫటికంలో కలిగే కాంతి మార్పులను తెలిపే స్థిరాంకాల విషయంలో, జర్మన్ శాస్త్రవేత్త పోకెల్స్ ఇచ్చిన సంఖ్యలు కొన్ని తరగతులకు సరికావని భగవంతం 1942లో నిరూపించాడు. వెంకటరాయుడుతో కలిసి రచించిన సమూహ సిద్ధాంత గ్రంథం 1948లో వెలువడినది.

పదవులు

ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా (1952-57), బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా (1957-62), రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారుగా (1961-69) పనిచేశాడు.

తాత్త్విక ప్రాముఖ్యత

భగవంతం మరణించిన 1989లోనే తత్త్వవేత్త జాన్ వారల్ నిర్మాణాత్మక వాస్తవికతావాదాన్ని ప్రతిపాదిస్తూ ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. శాస్త్ర సిద్ధాంతాలు మారినప్పుడు, పదార్థాల స్వభావాన్ని గురించిన వర్ణనలు తొలగిపోయినను, వాటి మధ్య సంబంధాల నిర్మాణం నిలుస్తుందని ఈ వాదం సారాంశం. భగవంతం కృషి ఈ వాదపు బలాన్ని, పరిమితిని కూడా అర్థం చేసుకొనుటకు ఉపకరిస్తుంది. వజ్రానికి 3 స్థిరాంకాలు చాలునని సౌష్ఠవమే చెబుతుంది. కాని వాటి విలువలను చెప్పలేదు. ఆ విలువలను 1940వ దశకంలో భగవంతం, భీమసేనాచార్ అతిధ్వని తరంగాలతో ప్రయోగశాలలో కొలిచి కనుగొనవలసి వచ్చినది.